ఆ బోల్టును బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి

మా వ్యాగనార్‌లో వెనక ఏదో తేడా వచ్చిందని ముందు కనిపెట్టింది అమ్మ. విజయవాడ నుంచి బయల్దేరి, ఉయ్యూరు దాటి, మా ఊరి రోడ్డులోకి తిరిగాక స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ "వెనక ఏదో కొట్టుకుంటోందిరా, నడుం దాకా తెలుస్తోంది" అనేది. ముందు సీట్లో నాకేమీ వినపడేది కాదు. ఒకరోజు తమ్ముడికి స్టీరింగ్ ఇచ్చి వెనక అమ్మ పక్కన కూర్చున్నాను. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే అర్థమైంది. చక్రం దిగగానే కింద నుంచి డబ్బుమని ఒక దెబ్బ. ఆ వెంటనే బండి వెనక భాగం చిన్నగా పక్కకు జరిగి మళ్లీ సర్దుకున్నట్టు అనిపించింది.

వెనక సస్పెన్షన్ పాడైతే అందరికంటే ఆలస్యంగా తెలిసేది నడిపేవాడికే. దెబ్బ తగిలేది వెనక కూర్చునే పెద్దవాళ్లకీ పిల్లలకీ. అందుకే వాళ్లు ఏదైనా చెబితే, అది వయసు వల్ల వచ్చే నడుం నొప్పి అనుకోకుండా, ఒకసారి వెనక కూర్చుని చూడండి.

మాది 2007 మోడల్. నాన్న కొన్న బండి. 2022లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకు పొడిగించుకున్నాం. ఇంజన్ ఇప్పటికీ చక్కగా ఉంది. దెబ్బ శబ్దం గురించి ఒక వర్క్‌షాపులో చూపిస్తే "షాక్ అబ్జార్బర్లు పోయాయి" అన్నారు. రెండూ మార్చారు, ఆరు వేల పైచిలుకు అయింది. శబ్దం మాత్రం అలాగే ఉంది. మళ్లీ తీసుకెళ్తే అప్పుడు బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు, చూశారు. అవీ మార్చారు. బండి హాయిగా నడిచింది, అమ్మ కూడా బాగుందంది. ఏడాది తిరక్కముందే అదే శబ్దం, అదే చోట మళ్లీ మొదలైంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బుష్‌లు పదిహేనేళ్లు నిలిచాయి. కొత్తవి ఏడాది కూడా నిలవలేదు. మొదట నకిలీ సరుకేమో అనుకున్నాను. బండి కిందికి దూరి టార్చి వేసి చూస్తే వేరే సంగతి కనిపించింది. కుడివైపు, ఎడమవైపు బుష్‌లు రెండూ ఒకే దిక్కుగా చిరిగాయి. సరుకు చెడ్డదైతే ఒక్కోటి ఒక్కో తీరున పోతుంది. రెండూ ఒకేలా మెలిపడి చిరిగాయంటే, వాటిని ఎవరో ముందే మెలిపెట్టి బిగించారన్నమాట. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

బుష్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల సన్నటి ఇంకో ఇనుప గొట్టం, రెంటి మధ్య రబ్బరు. రబ్బరు ఆ రెండు గొట్టాలకూ గట్టిగా అతికి ఉంటుంది. బయటి గొట్టం సస్పెన్షన్ ఆర్మ్ (చక్రం వైపును బాడీకి కలిపే ఇనుప చేయి) చివర ఉండే కంట్లో, అంటే గుండ్రటి రంధ్రంలో, బిగుతుగా దిగి ఉంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు వెళ్లి బాడీ బ్రాకెట్‌ను పట్టుకుంటుంది. బోల్టు బిగించాక లోపలి గొట్టం బ్రాకెట్ చెవుల మధ్య నొక్కుకుపోయి ఇక కదలదు. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు ఆర్మ్‌తో పాటు తిరిగేది బయటి గొట్టమే. మధ్యలో రబ్బరు మెలితిరుగుతుంది. బేరింగ్‌లోలా ఇక్కడ ఏదీ జారదు, ఏదీ దొర్లదు. తడిగుడ్డ పిండినట్టు రబ్బరు మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. మొత్తం పని అంతే.

అలాంటప్పుడు బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో, ఆ కోణమే రబ్బరుకు మెలిక లేని స్థానం అవుతుంది. వర్క్‌షాపులో రెండు స్తంభాల లిఫ్ట్ మీద బండి ఎత్తితే చక్రాలు కిందికి వేలాడతాయి. నా బండి మీద కొలిచి చూశాను. ఆర్మ్ పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, బండి ఎత్తితే చక్రం దాదాపు 10 సెంటీమీటర్లు దిగింది. అంటే ఆర్మ్ సుమారు 14 డిగ్రీలు కిందికి వాలింది. అక్కడే బోల్టు బిగించేసి బండి దించారనుకోండి. ఇంటి ముందు ఊరికే నిలబెట్టి ఉన్నా రబ్బరు 14 డిగ్రీలు మెలితిరిగే ఉంటుంది. రాత్రీ పగలూ అలాగే. ఇక గతుకులో చక్రం ఇంకో 8 సెంటీమీటర్లు పైకి వెళ్తే ఇంకో 11 డిగ్రీలు కలిసి మొత్తం 25 దాటుతుంది. సరిగ్గా బిగించిన బుష్‌కు అదే గతుకులో ఆ 11 డిగ్రీలే. అలా తప్పుగా బిగించిన బుష్‌కు విశ్రాంతి దొరికేది బండి మళ్లీ గాల్లో వేలాడినప్పుడే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. రబ్బరు బుష్ ఉన్న బోల్టును బండి నేల మీద, తన బరువు తాను మోస్తున్నప్పుడే పూర్తిగా బిగించాలని సర్వీస్ మాన్యువళ్లలో రాసే ఉంటుంది. అయినా చాలా చోట్ల పాటించరు. మెకానిక్‌కు తెలియక కాదు. లిఫ్ట్ మీద ఉండగా పానా హాయిగా అందుతుంది. దించాక అందదు, నేల మీద పడుకుని దూరాలి. బయట ఇంకో నాలుగు బండ్లు ఎదురుచూస్తుంటాయి, బయటికెళ్లిన కస్టమర్ ఆరింటికి వచ్చి తాళం అడుగుతాడు. పైగా ఆ తప్పు ఆ రోజు బయటపడదు, ఏడాది తర్వాత బయటపడుతుంది. అప్పటికి దాన్ని రోడ్డు మీదకో, సరుకు మీదకో తోసేయొచ్చు. పాత షెడ్లలో లిఫ్ట్ ఉండేది కాదు, గుంట ఉండేది. బండి తన చక్రాల మీద నిలబడితే మెకానిక్ కింద గుంటలోకి దిగేవాడు. ఆ పద్ధతిలో ఈ తప్పు జరగడం కష్టం.

నా వాదన ఇదే. పాత బండిలో వెనక బుష్‌లు మార్చడం, సొంతదారు తన చేతులతో చేసుకోదగిన పని. డబ్బు మిగులుతుందని నేను ఈ మాట అనడం లేదు. ఈ పనిలో నైపుణ్యం కంటే ఓపిక ఎక్కువ అవసరం, ఓపిక ఎక్కువ ఉండేది సొంతదారుకే. చివరి బోల్టు దగ్గర ఖర్చుపెట్టే ఇరవై నిమిషాలు ఎవరికీ గిట్టుబాటు కావు, ఆ బండిలో అమ్మను ఎక్కించుకునే వాడికి తప్ప.

ముందు ప్రాణం సంగతి. వెనక చక్రాలు లేపితే హ్యాండ్ బ్రేక్ ఎందుకూ పనికిరాదు. అది పట్టుకునేది ఆ వెనక చక్రాలనే, అవి గాల్లో ఉన్నాయి. కాబట్టి బండిని మొదటి గేర్‌లో వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టాలి. జాకీ ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు. బండి బరువు జాక్ స్టాండ్ల మీద ఉండాలి, అవీ బాడీకి కంపెనీ చూపించిన చోట్లలోనే. మన దగ్గర ఇటుకలూ సిమెంటు దిమ్మలూ పెట్టడం అలవాటు. దయచేసి వద్దు. అవి వంగవు, ముందుగా చెప్పవు, ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్లు పెట్టాక బండిని చేత్తో బలంగా ఊపి చూడండి. ఊడదీసిన చక్రాన్ని బాడీ అంచు కింద పడుకోబెట్టండి. ఏం జరిగినా ఆ చక్రం మందం మేర ఖాళీ మిగులుతుంది.

ఇక పని. మా పాత వ్యాగనార్ వెనక యాక్సిల్ ఒకే గట్టి గొట్టం. దాన్ని ముందుకీ వెనక్కీ జరక్కుండా రెండు ఆర్మ్‌లు, పక్కలకు జరక్కుండా అడ్డంగా ఒక రాడ్డు పట్టుకుంటాయి. ఆ మూడింటి చివర్లలో బుష్‌లు ఉంటాయి. పోయినవేవో తెలుసుకోవడానికి టైర్ లివర్‌తో ఒక్కో కీలు దగ్గర మెల్లగా ఎత్తి చూశాను. రబ్బరు పైన సన్నటి గీతల్లాంటి పగుళ్లు ఉంటే భయపడక్కర్లేదు, వయసుకు అవి మామూలే. రబ్బరు గొట్టం నుంచి ఊడి వచ్చినా, మధ్యలో చీలి అవతలి వెలుతురు కనిపించినా అది పోయినట్టే. మా బండిలో ఆర్మ్‌ల ముందు వైపు పెద్ద బుష్‌లు రెండూ ఊడిపోయాయి.

రెండు ఆర్మ్‌లూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, పని పూర్తి చేసి, తిరిగి పెట్టాకే రెండోదాని జోలికి వెళ్లాలి. లేకపోతే యాక్సిల్ ఎటు కావాలంటే అటు తిరిగిపోతుంది. యాక్సిల్ కింద జాకీ ఉంచాలి, షాక్ అబ్జార్బర్లు విప్పకూడదు. అవి ఉంటేనే యాక్సిల్ మరీ కిందికి జారదు, స్ప్రింగ్ ఊడి రాదు, బ్రేక్ గొట్టం సాగదు.

ముందు రోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాను. అయినా ఎడమవైపు బోల్టు దగ్గరే సగం రోజు పోయింది. నట్టు తేలిగ్గానే వచ్చింది. బోల్టు మాత్రం లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టి ఒకటైపోయింది. పానాతో తిప్పితే తిరుగుతోంది, బయటికి రావడం లేదు. తిరుగుతున్నది బోల్టు ఒక్కటే కాదు, గొట్టం కూడా. పాత బుష్ ఎలాగూ పారేసేదే కాబట్టి రబ్బరు చిరిగినా బాధ లేదు. కానీ సుత్తితో మర చివర కొడితే బోల్టు పుట్టగొడుగులా విచ్చుకుని ఇక ఎప్పటికీ రాదు. నట్టును చివరి దాకా తిరిగి ఎక్కించి దాని మీద కొట్టాను. స్ప్రే కొట్టి, టీ తాగి వచ్చి, మళ్లీ కొట్టాను. నాలుగోసారికి వెంట్రుక మందం కదిలింది. ఆ తర్వాత తిప్పుతూ లాగితే వచ్చేసింది. రాకపోయి ఉంటే బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి రెండు వైపులా కోయడం ఒక్కటే దారి. అందుకే కొత్త బోల్టులూ నట్లూ ముందే తెచ్చి పెట్టుకోవాలి. పెట్టేటప్పుడు బోల్టు మర మీద కాకుండా, గొట్టంలో ఉండే నున్నటి భాగానికి మాత్రం సన్నగా గ్రీజు రాశాను. రేపు మళ్లీ విప్పేవాడికి ఈ కష్టం ఉండకూడదు.

ఆర్మ్ చేతికొచ్చాక తొందరపడి బుష్ కొట్టేయకూడదు. బుష్ ఏ వైపు ఎంత బయటికి ఉందో స్కేలుతో కొలిచి, ఫోటో తీసి, ఆర్మ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకోవాలి. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు ఉంటాయి. అవి ఎటు ఉన్నాయన్నది ఊరికే పెట్టింది కాదు. ఆ దిక్కులో మెత్తగా, ఇంకో దిక్కులో గట్టిగా ఉండాలని కావాలనే అలా చేస్తారు. తిప్పి పెడితే బండి నడక మారిపోతుంది.

పాత బుష్ తీయడానికి కొందరు గ్యాస్ మంటతో రబ్బరు కాలుస్తారు. ఆ పొగ పీల్చడం మంచిది కాదు, ఆర్మ్‌కు వేడి తగలడమూ మంచిది కాదు. నేను హార్డ్‌వేర్ షాపులో 12 ఎంఎం గట్టి మర రాడ్డు, మందపాటి వాషర్లు, నట్లు కొన్నాను. బుష్ కంటే కొంచెం పెద్ద గొట్టపు ముక్క ఒకటి లేత్ షాపులో కోయించాను. ఒక వైపు ఆ గొట్టం, ఇంకో వైపు బుష్ బయటి గొట్టానికి సరిగ్గా ఆనే సాకెట్. మధ్యలోంచి రాడ్డు. నట్టు తిప్పుతూ పోతే బుష్ మెల్లగా గొట్టంలోకి జారుతుంది. మొదట టక్కున ఒక శబ్దం వస్తుంది, గుండె ఆగినంత పనవుతుంది. అది తుప్పు విడిచిన శబ్దం. ఆ తర్వాత అంతా సాఫీ. ఈ సరంజామా అమర్చుకునే ఓపిక లేకపోతే ఆర్మ్ పట్టుకుని ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షెడ్డుకు వెళ్లండి. అక్కడ పది నిమిషాల పని. అలా చేయించుకోవడంలో తప్పేమీ లేదు. ఇంట్లో చేయాలని నేను పట్టుబట్టేది తిరిగి బిగించే పని గురించి.

ఆర్మ్ కన్ను లోపల ఎమరీ పేపర్‌తో తుప్పు తీసి నున్నగా చేశాను. కొత్త బుష్‌లను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. 40 ఎంఎం ఇనుప గొట్టం 40 డిగ్రీలు చల్లబడితే తగ్గేది ఎంఎంలో యాభయ్యో వంతే. అయినా బిగుతుగా దిగేచోట అదీ సాయమే. జారడానికి సబ్బు నీళ్లు రాశాను. ఇంజన్ ఆయిలూ గ్రీజూ రబ్బరుకు తగలకూడదు, సహజ రబ్బరు నూనె తాగి ఉబ్బి మెత్తబడిపోతుంది. నొక్కేటప్పుడు బలం బయటి గొట్టం అంచు మీదే పడాలి. లోపలి గొట్టం మీద నొక్కితే కొత్త బుష్ పెట్టకముందే చిరిగిపోతుంది.

కొందరు మిత్రులు "పాలీయురేథేన్ వేసేయ్, జీవితాంతం ఉంటాయి" అన్నారు. అవి మెలితిరగవు, గ్రీజు మీద జారుతూ తిరుగుతాయి. అందుకే ఏ కోణంలో బిగించినా పెద్ద నష్టం లేదు, నిజమే. కానీ గట్టివి. రోడ్డు మీది ప్రతి గతుకునూ లోపలికి తెస్తాయి, గ్రీజు ఎండితే కీచుమంటాయి. రేసుల్లో తిప్పే బండికి సరే. ఇంటి బండికి, మన రోడ్ల మీద, రబ్బరే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రంగా ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంలో సాఫీగా దాటగలగాలి. మా ఊరి రోడ్డులో అలాంటిది ఒక్కటీ లేదు. గోడలా లేచి గోడలా దిగుతాయి. ఆ దెబ్బను మింగడానికి అక్కడ రబ్బరు ఉండి తీరాలి.

ఆర్మ్ తిరిగి పెట్టేటప్పుడు రంధ్రాలు కలవలేదు, వేలెడు తేడా. లగేజీ కట్టే రాచెట్ బెల్టును యాక్సిల్‌కు తగిలించి మెల్లగా ముందుకు లాగితే బోల్టు చేత్తోనే దిగింది. నట్టు చేతి బలంతో తిప్పి, బిగించకుండా వదిలేశాను. రెండో వైపూ అంతే.

ఇప్పుడు అసలు పని. బండి కింద దూరేంత ఎత్తు కావాలి, బరువు చక్రాల మీదే ఉండాలి. రెండంగుళాల మందం, టైరు కంటే వెడల్పు ఉన్న చెక్కలు మూడేసి ఒకదానికొకటి మేకులతో బిగించి దిమ్మలు చేసుకున్నాను. చక్రాలు పెట్టి బండిని ఆ దిమ్మల మీదికి దించాను. స్టాండ్లను తీసేయకుండా బాడీకి వేలి మందం కిందికి ఉంచాను, బరువు మోయడానికి కాదు, రక్షణకు. డిక్కీ మీద చేతులు పెట్టి బండిని నాలుగైదు సార్లు నొక్కి వదిలాను. ఖాళీ బండి తన ఎత్తులో తాను కుదురుకుంది. అప్పుడు కిందికి దూరి, టార్క్ రెంచ్‌తో (అనుకున్న బిగువు రాగానే క్లిక్‌మనే పానా), మాన్యువల్‌లో ఉన్న అంకెకు ఒక్కో బోల్టు బిగించాను. క్లిక్ మన్న ప్రతి నట్టు మీదా బ్రాకెట్ మీదా కలిపి పసుపు పెయింట్ గీత ఒకటి గీశాను. నట్టు వదులైతే ఆ గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

ఆ టార్క్ అంకె సంపాదించడమే నాకు కోపం తెప్పించింది. బండితో ఇచ్చే పుస్తకంలో టైర్ గాలి ఉంటుంది, ఫ్యూజులు ఉంటాయి, ఈ అంకె ఉండదు. అది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, మామూలు సొంతదారుకు అది చేతికివ్వరు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేర్ హక్కు కోసం పోర్టల్ మొదలుపెట్టింది, అందులో వాహనాల రంగమూ ఉంది. మంచి అడుగే. కానీ పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ అడిగే చట్టం, ఆ బండిని ఫిట్‌గా ఉంచుకోవడానికి కావలసిన అంకెలను కూడా సొంతదారుకు ఇప్పించాలి. మా ఇంటి నుంచి వెళ్లే ప్రతి కిలోమీటరూ ఆ నాలుగు బోల్టుల మీదే ఆధారపడి ఉంది. అవి ఎంత బిగువున ఉండాలో తెలుసుకునే హక్కు నాకు లేదా?

"ఇలా అందరూ ఇంట్లోనే చేసుకుంటే మెకానిక్‌ల పొట్ట ఏం కాను?" అని మా బాబాయ్ అడిగాడు. సరైన ప్రశ్నే. బాబాయ్ ముప్పై ఏళ్లు లారీ నడిపాడు, ఎన్నో రాత్రులు షెడ్లలోనే పడుకున్నాడు. నేను చెప్పింది ఇది: ఆయిల్ మార్పుకీ, క్లచ్‌కీ, ఏసీకీ నేను ఇప్పటికీ షెడ్డుకే వెళ్తాను. నా పేచీ మనిషితో కాదు, గంటకు ఇన్ని బండ్లు దించాలన్న లెక్కతో. ఆ లెక్కలో బుష్‌కు చోటు లేదు. పైగా అన్ని బండ్లకూ ఇది ఇంటి పని కాదు. స్విఫ్ట్, శాంత్రో లాంటి వాటిలో బుష్‌లు వెనక బీమ్‌లోనే దిగి ఉంటాయి, బీమ్ మొత్తం కిందికి దించాలి. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. సముద్రం పక్కన తిరిగిన బండైతే, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల, ముందు బ్రాకెట్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇనుము పొరలుగా రాలితే అది బుష్ సమస్య కాదు, వెల్డర్ చూడాల్సిన సమస్య.

షెడ్డులోనే చేయిస్తే ఒక్క మాట అడగండి: "అన్నా, ఆ బోల్టులు ఇప్పుడు వదులుగా ఉంచు, బండిని అలైన్‌మెంట్ ర్యాంపు ఎక్కించాక బిగిద్దాం." ఆ ర్యాంపు మీద బండి తన చక్రాల మీదే నిలబడుతుంది, కింద మనిషికి చోటూ ఉంటుంది. ర్యాంపు అదే ఆవరణలో ఉంటేనే సుమా, వదులు బోల్టులతో రోడ్డెక్కకూడదు. ఇటీవలే బుష్‌లు మార్పించుకుని, ఎలా బిగించారో తెలియకపోతే, అదే ర్యాంపు మీద వాటిని ఒకసారి వదులు చేసి, బండిని ఊపి, మళ్లీ బిగించమనండి. చిరగని బుష్ అయితే ఆ పది నిమిషాలతో దాని ఆయుష్షు నిలుస్తుంది.

వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కిందికి దూరి చూశాను. నాలుగు పసుపు గీతలూ విరగలేదు. అడ్డ రాడ్డు బుష్‌లో మాత్రం టైర్ లివర్ పెడితే కొంచెం ఆట, అంటే వదులు కదలిక, కనిపించింది. దానికి బుష్‌లు ఆర్డర్ పెట్టాను. చెక్క దిమ్మలు ఇంకా మెట్ల కిందే ఉన్నాయి.